సుబ్బాయమ్మగారి గుత్తొంకాయ కేసు

"ఈ కోనసీమలో నేరం చేసి తప్పించుకునే మొనగాడు ఇంకా పుట్టలేదురా బాబూరావూ! ఒకవేళ పుట్టినా, వాడి బారసాలకి ముందే పట్టేస్తాను," అని ప్రకటించాడు బంగారరాజు.

బాబూరావు తలెత్తలేదు. జాకెట్టుకి హుక్కులు కుడుతున్నాడు. కొత్తపేట సెంటర్లో అతని టైలరింగు షాపుకీ, బంగారరాజు ఎస్టీడీ బూతుకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. ఆ గోడ పక్కన కూర్చున్న పాపానికి ఇలాంటి ప్రకటనలు రోజుకి రెండైనా వినాల్సి వస్తోంది.

బంగారరాజు డిటెక్టివ్. ఆ మాట అన్నది కూడా బంగారరాజే. పోస్టులో పన్నెండు పాఠాల అపరాధ పరిశోధన కోర్సు కట్టాడు. ఏడు పాఠాలు వచ్చాయి. మిగతా అయిదూ ఏమయ్యాయో చాలాకాలం పరిశోధించాడు గానీ తేలలేదు. కిందటేడు, అంటే రెండువేల సంవత్సరంలో, సెంటర్లో ఎవరిదో సైకిలు పోయిందంటే కొత్తపేట నుంచి జొన్నాడ దాకా గాలించాడు. గాలించింది ఆ సైకిలెక్కే.

అంతలో బూతు తలుపు చప్పుడైంది. బాపిరాజుగారి కోడలు భవాని వచ్చింది. పెళ్ళయి ఏడు నెలలు. మొగుడు నాగసతీష్ పెళ్ళయిన రెండో నెలలోనే సెలవైపోయి దోహా వెళ్ళిపోయాడు. ఆ పిల్ల అత్తమామల దగ్గర ఉంటోంది. లోపలికెళ్ళి అల్లవరంలో ఉన్న తండ్రికి ఫోను కలిపింది. బంగారరాజు మీటరు చూస్తున్నట్టు నటిస్తూ అద్దానికి చెవి ఆనించాడు.

"నాన్నా... అత్తయ్యగారు మూడ్రోజుల్నుంచి తినట్లేదు... గిన్నెలో... ప్రాణం మీదకొస్తుందని ఏడుస్తున్నారు... అంతా నా వల్లేనంట... ఆదివారం వచ్చి నన్ను తీసుకెళ్ళిపో."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోగానే బంగారరాజు గోడమీంచి తల పెట్టాడు. మొహం వెలిగిపోతోంది.

"విషం!" అన్నాడు గుసగుసగా. "గిన్నెలో విషం! అత్తగారి ప్రాణాలకి గురి! బాబూరావూ, కత్తెర కింద పెట్టు. కాలం కత్తి పట్టుకుని నిలబడింది!"

"ఆ పిల్ల విషం అందా?"

"అనలేదు. అదే అనుమానం. నేరస్థులు ఎప్పుడూ అసలు మాట అనరు. మూడో పాఠం."

బాబూరావు లేచాడు. అతనికి విషం మీద నమ్మకం లేదు గానీ, భవాని పెళ్ళి జాకెట్లు కుట్టింది తనే. అప్పుడు బొద్దుగా, గలగలా నవ్వుతూ ఉన్న పిల్ల ఇవాళ జాకెట్టు భుజం మీంచి జారిపోయేలా అయింది. అది అతనికి బాధనిపించింది.

బాపిరాజుగారిది వరీ కొబ్బరీ ఉన్న కుటుంబం. ఆ ఇంట్లో వంటిళ్ళు రెండు. ముందువైపుది సుబ్బాయమ్మగారిది. అందులోకి ఉల్లిపాయ వస్తుంది, వెల్లుల్లి వస్తుంది, నీసు మాత్రం రాదు. చేపలూ రొయ్యలూ అన్నీ పెరట్లో తాటాకు పాకలోనే. ఆ పాక గిన్నెలు పాకలోనే తోముకోవాలి, ఆ గరిటె గుమ్మం దాటకూడదు. నీసు తిన్నవాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కుని, నోరు పుక్కిలించి, ఆ తరవాతే పెద్దింట్లో కాలు పెట్టాలి. సోమ, గురు, శనివారాలు పాకలో పొయ్యే వెలగదు, ఆ రోజుల్లో అక్కడ ఆవకాయా పెరుగన్నమే.

కుర్చీలో నీరసంగా చేరబడి ఉన్న సుబ్బాయమ్మగారి ఎదట బంగారరాజు భూతద్దం తీశాడు.

"అక్కగారూ, భయపడకండి. మీ మీద విషప్రయోగం చేసిన హంతకుణ్ణి..."

"విషమేంటి తమ్ముడూ? నా కూర ఎవరో తింటున్నారయ్యా."

బంగారరాజు మొహం ఒక్క క్షణం వాడిపోయింది. మళ్ళీ పుంజుకున్నాడు. "కూరేనా అనుకోకండి. ఇది పైకి కూర నేరం, లోపల క్రూర నేరం! వివరాలు చెప్పండి."

"నెల్లాళ్ళనుంచీ అనుమానంగానే ఉంది. ఆకాకరకాయ వేపుడు తగ్గిపోతోంది, దప్పళంలో ముక్కలు తగ్గిపోతున్నాయి. మొన్న గుత్తొంకాయ లెక్కెట్టి వండేను. పన్నెండు. గుడికెళ్ళొచ్చి చూస్తే ఎనిమిదున్నాయి."

"కూర పోతే పోయిందిలెండి, మళ్ళీ వండుకోవచ్చు కదండీ," అన్నాడు బాబూరావు.

సుబ్బాయమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కూర కోసం ఏడుస్తానా బాబూరావూ? సతీష్‌కి పద్నాలుగో ఏట టైఫాయిడ్ వచ్చినప్పుడు, పిల్లాడు బతికితే చాలు, నీసు ముట్టనని మొక్కుకున్నాను. పన్నెండేళ్ళయింది. నీసు తిన్న చెయ్యి నా గిన్నెలో పడితే, నేనదే కూర తింటే, మొక్కేం గాను? వాడేమో సముద్రం అవతల ఉన్నాడు. ఎలా తినమంటావు?"

అందుకే మూడు రోజులుగా కొబ్బరినీళ్ళూ అరటిపండూ.

గుమ్మం దగ్గర నిలబడ్డ భవాని మెల్లిగా అంది. "నేను తియ్యలేదండి అత్తయ్యగారూ. ఒట్టండి."

"నిన్నన్నానా? ఇంట్లో నీసు తినేవాళ్ళు ఇద్దరు. మీ మామయ్యగారు నా కూర వైపు తిరిగి కూడా చూడరు. ఆయనకది గడ్డి. ఇంకెవరని అనుకోను?" అని మొహం తిప్పుకున్నారావిడ. కోపం కన్నా భయమే ఎక్కువ ఉంది ఆ గొంతులో.

బాపిరాజుగారు పెరట్లో అరుగు మీద కూర్చుని కొబ్బరికాయలు వలిపిస్తున్నారు. మొక్కిన రోజున పెళ్ళాన్ని ఎగతాళి చేసిన మనిషి ఆయన. "మూడ్రోజులు కూడా ఆగలేవు" అన్నారు. ఆవిడ పన్నెండేళ్ళు ఆగింది. అప్పట్నుంచి ఈవిడ ముందింట్లో, ఆయన పాకలో. ఒకే ఇంట్లో ఉండి కూడా ఒక్క పూట కలిసి భోంచెయ్యలేదు.

"మీకెవరి మీదైనా అనుమానం ఉందాండి?" అడిగాడు బంగారరాజు.

"నాకేం తెలుసయ్యా, గడ్డి సంగతులు?" అని ఆయన తువ్వాలు భుజాన వేసుకుని చరచరా వెళ్ళిపోయారు.

పాక చుట్టూ తిరుగుతుంటే బాబూరావు కాలికి పిల్లి తగిలింది. పిల్లి అంటే నమ్మడం కష్టం. చిన్న సైజు దూడలా ఉంది.

"ఒరేయ్, ఈ పిల్లి చూడు, ఎలా బలిసిపోయిందో. ఇంకోటి చెప్పనా? మొన్న లాల్చీకి కొలతలు తీస్తే బాపిరాజుగారు రెండంగుళాలు తగ్గేరు. ఎందుకంటావ్?"

"టైలరు బుర్రకి అంగుళాలు తప్ప కనపడవు," అన్నాడు బంగారరాజు జాలిగా. "నేరస్థుడు చేపలా జారిపోతున్నాడు. వల వెయ్యాలి. రేపు గుత్తొంకాయ వండించు!"

మర్నాడు ఉదయం సుబ్బాయమ్మగారు వద్దు వద్దంటూనే పన్నెండు వంకాయలు వండి, మూత పెట్టి, గుడికి వెళ్ళారు. బంగారరాజు ఆ ఇత్తడి మూతకి బట్టలకి పెట్టే నీలిమందు పొడి పూశాడు.

"మూత ముట్టుకున్నవాడి చెయ్యి నీలం! నీటితో కడిగితే ఇంకా నీలం! అయిదో పాఠం."

ఆ తరవాత వంటింటి అటకెక్కి, కొబ్బరిపీచు బస్తాల వెనక నక్కాడు. బాబూరావు వీధి గుమ్మంలో కాపలా. పది నిమిషాల్లో అటక మీంచి గుర్రు వినిపించింది. వంటింటికి పెరటివైపు ఇంకో తలుపుందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

పన్నెండున్నరకి సుబ్బాయమ్మగారు వచ్చి మూత తీశారు. తొమ్మిది వంకాయలున్నాయి.

"అందరూ పెరట్లోకి రండి!" అంటూ అటక దిగాడు బంగారరాజు. పీచు అతుక్కుని సగం కొబ్బరికాయలా ఉన్నాడు. "ఈ నేరస్థుడు మనలోనే ఉన్నాడు! ఇంకాసేపట్లో ముసుగు తొలగిపోతుంది!"

"మీ గోల మీరు పడండి. నాకు భోజనం వేళయింది," అని బాపిరాజుగారు పాకలోకెళ్ళి, అడ్డంగా ఉన్న తడిక వెనక కూర్చున్నారు. ఆయన్ని ఎవరూ ఆపలేదు. గడ్డి తినరు కదా మరి.

"చేతులు చూపించండి!"

బాబూరావు చేతులు చాపాడు. వేళ్ళ చివర్లు నీలం. "ఓహో!" అన్నాడు బంగారరాజు.

"సుద్దరా బాబూ. గుడ్డ మీద గీతలు గీస్తాను కదా. నీ చేతులు చూసుకో."

బంగారరాజు చేతులు మోచేతుల దాకా నీలం. గబుక్కున జేబుల్లో పెట్టుకున్నాడు. సుబ్బాయమ్మగారి మునివేళ్ళూ నీలమే, ఇప్పుడే మూత తీశారు కాబట్టి. ఇక భవాని మిగిలింది. ఆ పిల్ల చెయ్యి చాపింది. అరచెయ్యంతా ముదురు నీలం.



"మామయ్యగారి తెల్లపంచెలకి నీలిమందు పెట్టేనండి పొద్దున్న," అంది భవాని. "చూడండి, అవిగో ఆరేసున్నాయి."

తీగ మీద పంచెలు నిజంగానే ఆరుతున్నాయి. బాబూరావు చూశాడు. "ఒరేయ్, ఆగరా, అది నిజమే..."

బంగారరాజు ఆగితేగా! "అద్భుతమైన సాకు! నీలిమందులో నీలిమందు దాచడం! ఆరితేరిన నేరస్థులకే ఇంత తెలివి! అక్కగారూ, ఇదుగో మీ..."

"అంత మాటనకండి!" భవాని ఒక్కసారిగా అరిచింది. ఏడు నెలల్లో ఆ పిల్ల గొంతు ఆ ఇంట్లో అంత గట్టిగా వినపడటం అదే మొదలు. "రోజూ పాకలో వండి, అక్కడే తిని, గుమ్మంలో మూడుసార్లు చేతులు కడుక్కుని లోపలికొస్తున్నానండి. మీ అబ్బాయి క్షేమం మీకెంతో నాకూ అంతేనండి అత్తయ్యగారూ. ఆయన కోసం మొక్కిన మొక్కు మీద నేను చెయ్యేస్తానా?"

బాబూరావుకి బంగారరాజు పీక పిసకాలనిపించింది. రెండడుగులు ముందుకేశాడు. ఆ మొహం చూసి బంగారరాజు రెండడుగులు వెనక్కేశాడు. మూడో అడుగు పిల్లి తోక మీద పడింది.

పిల్లి పెట్టిన కేకకి కొబ్బరిచెట్టు మీది కాకులు లేచిపోయాయి. బంగారరాజు ఎగిరి, గాల్లో ఏదైనా దొరుకుతుందేమోనని పట్టుకోబోయి, ఏమీ దొరక్క వెల్లకిలా వెళ్ళి పాక తడిక మీద పడ్డాడు. తడికా అతనూ కలిసి నేల మీదకొచ్చారు.

తడిక వెనక బాపిరాజుగారు.

ముందు ఒక కంచంలో భవాని వండిన చేపల పులుసు, ముట్టుకోకుండా అలాగే ఉంది. ఒళ్ళో అరిటాకు ముక్కలో అన్నం, మూడు గుత్తొంకాయలు. ఒకటి సగం నోట్లో. చేతులు నీలం. తెల్లటి బుంగమీసం కుడివైపంతా నీలం.

పిల్లి తోక సంగతి మర్చిపోయి వచ్చి పులుసు కంచం ముందు కూర్చుంది. రోజూ కూర్చునే చోటే కాబోలు, ఏమాత్రం మొహమాటపడలేదు.

"పట్టేశాను!" అన్నాడు బంగారరాజు, తడిక మీద పడుకునే.

"నోర్ముయ్యరా," అన్నాడు బాబూరావు.

భవాని ముందు తేరుకుంది. "మామయ్యగారూ, నా పులుసు బాగోట్లేదాండి?"

"అయ్యో, అలాగనకమ్మా. వాసనకే ప్రాణం లేచొస్తుంది." ఆయన వంకాయ మింగి తలొంచుకున్నారు. "కళ్ళు మసకేసేయమ్మా. ముల్లు కనపట్టంలేదు. నెల్లాళ్ళ కిందట ఒకటి గొంతులో గుచ్చుకుని చచ్చేంత పనైంది. ఊరందరికీ చేపలు తినడం నేర్పినోణ్ణి, ముల్లుకి భయపడుతున్నానని ఎవరితో చెప్పుకోను? మీ అత్తయ్యతో చెప్పుకోనా? నవ్వదూ?"

సుబ్బాయమ్మగారు నవ్వలేదు. దగ్గరికొచ్చారు. "నీసు చేత్తోనేనా నా గిన్నె ముట్టుకున్నారు?"

"నెల్లాళ్ళయింది నీసు ముట్టుకుని. అయినా రెండుసార్లు సబ్బెట్టుకుని, ఉతికిన పంచె కట్టుకుని మరీ వచ్చేవాణ్ణి. వాడు నీకొక్కదానికే కొడుకేంటి?"

ఆవిడ గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టు ఊపిరి వదిలారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. ఆ తరవాత, ఎంత ఆపుకుందామన్నా ఆగనట్టు, చిన్నగా అడిగారు. "కూరెలా ఉంది?"

"గడ్డిలా ఉంటే నెల్లాళ్ళు దొంగతనం చేస్తానా?"

"లేవండి. ముందింట్లో పీట వేస్తాను. దొంగలా ఇక్కడ తినడమేంటి, సిగ్గులేకపోతే సరి. రేపు అమలాపురం వెళ్ళి కళ్ళు చూపించుకోండి."

"ఆయ్," అన్నారు బాపిరాజుగారు. కొత్తపేటలో ఆయన నోట ఆ మాట అంత మెత్తగా విన్నవాళ్ళు లేరు.

బంగారరాజు లేచి పీచు దులుపుకున్నాడు. "గమనించేవా బాబూరావూ? తడిక మీద గురి చూసి పడ్డాను. ఒక్క అంగుళం అటూ ఇటూ అయినా కేసు చేజారిపోయేది. ఇది ఏ పాఠంలోనూ లేదు. నా సొంతం!"

బాబూరావు వినడం లేదు. భవాని ఓ పక్కకెళ్ళి, పడిపోయిన తడిక ఎత్తుతోంది. ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుంటోంది. సుబ్బాయమ్మగారు చూశారు. పాక గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. పన్నెండేళ్ళుగా ఆవిడ ఆ గుమ్మం దాటలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, లోపల కాలు పెట్టారు.

"కూర్చోవే. పొద్దున్నుంచీ ఏం తిన్నట్టు లేవు. నేను వడ్డిస్తాను."

"మీరాండి? వద్దండి, మీ మొక్కు..."

"తిననని మొక్కుకున్నాను గానీ, పెట్టనని మొక్కుకోలేదు. తరవాత తలంటు పోసుకుంటాన్లే. కూర్చో."

భవాని కంచం పెట్టుకుని కూర్చుంది. సుబ్బాయమ్మగారు మొహం అటు తిప్పుకుని, తడుముకుంటూ గరిటె పట్టుకుని పులుసు తీశారు.

"అత్తయ్యగారూ, కంచం ఇటుందండి."

గరిటె ఇటు జరిగింది. "చాలా?"

భవాని కంచంలోకి చూసుకుంది. ఆ పక్కనే ఆశగా చూస్తున్న పిల్లిని మోచేత్తో దూరంగా నెట్టింది.

"ఇంకో ముక్క వెయ్యండి."