పంపు అన్నాక పంపే

చలి అనేది హిందూపురంలో అధికారికంగా లేదు. ఆ సంగతి తెలియని పసిపాప ఒకతె కిరాణా వ్యాపారి పాండురంగయ్య ఇంట్లో పొద్దున్నుంచి వణుకుతోంది. బాలింత పూర్ణిమ కుంపటి పొగకు దగ్గుతోంది. పక్క గదిలో మామ పాండురంగయ్య డిసెంబరులోనూ చెమటలు తుడుచుకుంటున్నాడు.

చలికి వేడి, ఎండకు చల్లదనం ఇచ్చే హీట్ పంపు పెట్టమన్నాడు ధర్మవరం డీలరు. బయట ఒకటే పెట్టి రెండు గదులకూ కలిపితే, రెంటికీ వేడే వస్తుంది, లేదంటే రెంటికీ చల్లదనమే. కాబట్టి గదికొకటి కావాలి.

అనుమతి ఇచ్చేది పెనుకొండలోని మితవాతావరణ గృహోష్ణ నియంత్రణ కార్యాలయం. (వాతావరణం మితంగా ఉన్నచోట నియంత్రించేదేమీ ఉండదు. అందుకే ఐదుగురు అధికారులు.) పూర్ణిమ భర్త విజయ్ కుమార్ వెళ్లేసరికి అధికారి లక్ష్మీకాంత్ మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు.

"రెండు పంపులా? నడుమ రెండు వందల మీటర్లు ఉండాల."

"అది బోర్లకు కదా సార్. ఇది గాలిది."

"పేరులో పంపు ఉండాదా, లేదా?"

"ఉండాది."

"ఇంకేమప్పా. ఒకటి హిందూపురంలో పెట్టు, ఇంకోటి ధర్మవరంలో పెట్టు."

"మా నాయన పోయి ధర్మవరంలో పండుకోవల్లనా సార్?"

"అది మా శాఖ కిందికి రాదు."

విజయ్ దిగొచ్చాడు. "ఒకటే పెట్టుకుంటాం సార్, వేడికి. మా నాయన ఓర్చుకుంటాడు."

"హిందూపురంలో చలి యాడుండాదప్పా? లేని చలి పుట్టించిందెవరో తేలాల."

"మా పాపకే సార్ చలి."

"పేరు?"

"ఇంకా పెట్టలేదు."

"పేరు లేనోళ్ల మీద విచారణ కుదరదు. పెట్టినాక పిలువు."

నామకరణం ముందుకు జరిగింది. లక్ష్మీకాంత్ వచ్చి ఓళిగలు తిని, ఉయ్యాల పక్కన కుర్చీ వేయించుకున్నాడు. నాయనమ్మ సుబ్బలక్ష్మి పాప చెవిలో పేరు చెప్పింది.

"చెవిలో చెప్తే చెల్లదమ్మా. అందరికీ వినపడాల."

"చెప్తే పంపు వస్తాదా అప్పా?" అంది సుబ్బలక్ష్మి.

"ముందు విచారణ. ఎండాకాలానికంతా అయిపోతాదిలే."

సుబ్బలక్ష్మి ఉయ్యాల వైపు చూసి, గట్టిగానే చెప్పింది. "వసుధ."

నిందితురాలు తుమ్మింది. నేరం ఒప్పుకున్నట్టు లక్ష్మీకాంత్ రాసుకున్నాడు.