తలకెంత చోటు

రెండు రోజుల శిక్షణ నుంచి తిరిగొచ్చిన హెడ్మాస్టరు ఆ ఉదయం స్టాఫ్‌రూములో ఒక సుద్దముక్కను చచ్చిన బొద్దింకలా రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు. లెక్కలు చెప్పడానికి ఇక దీంతో పనిలేదన్నాడు. ఆయన ఫోనులో కొత్త యాప్ ఉంది. కెమెరాను గది ఈ మూల నుంచి ఆ మూలకు తిప్పితే పొడవూ వెడల్పూ చెప్పేస్తుంది. చిన్నప్పటి నుంచీ లెక్కలంటే ఆమడ దూరం పరుగెత్తిన మనిషి కాబట్టి, వాటిని తనే చేసిపెట్టే యాప్ మీద ఆయనకు అపారమైన భక్తి కుదిరింది.

"ఇవాళ ఏడో తరగతి పిల్లలు బడిలో గదులన్నీ కొలవాలి. చార్టు రాయించి వరండాలో పెట్టండి. పోలికలు కూడా ఉండాలి. పోలికలుంటేనే బుర్ర పదునెక్కుతుందని శిక్షణలో చెప్పారు," అన్నాడు లెక్కల టీచరమ్మతో.

"అన్ని గదులూనా సార్?"

"అన్నీ. నా గదితో సహా."

టీచరమ్మ తల ఊపింది. అరవై మందిని ఇరుకు గదిలో కుక్కి పాఠం చెప్పలేకపోతున్నానని ఆవిడ మూడేళ్లుగా అర్జీలు పెడుతోంది. "సర్దుకోవాలమ్మా" అన్నది ఆయన మూడేళ్ల జవాబు.

పిల్లలు ఆ యాప్ ఎక్కించిన టీచర్ల ఫోన్లు పట్టుకుని బయల్దేరారు. ఆటసామాన్ల గదిలో బంతుల మధ్య కునుకు తీస్తున్న డ్రిల్లు మాస్టరు కళ్లు తెరిచేసరికి నలుగురు ఆడపిల్లలు గోడలు కొలుస్తున్నారు. ఆయన గుమాస్తా దగ్గరికి పరుగెత్తాడు. గుమాస్తాకు ఏమీ తెలియదు. కానీ తెలియదని ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేదు.

"గదులు ఖాళీ చేయిస్తారట. పైనుంచి ఆర్డరు," అన్నాడు.

పది గంటలకల్లా డ్రిల్లు మాస్టరు గుమ్మానికి అడ్డంగా బల్ల వేసుకుని కూర్చున్నాడు. సైన్సు మాస్టరు ల్యాబుకు తాళం వేసి తాళంచెవి జేబులో దాచాడు. పదకొండింటికి వార్త వీధిలోకి పాకి "బడి అమ్మేస్తున్నారు, కొలతలు కూడా అయిపోయాయి" అనేదాకా ముదిరింది. పన్నెండింటికి గేటు దగ్గర తల్లిదండ్రులు గుమిగూడారు. వాళ్లలో ఒకాయన విద్యాధికారికి ఫోన్ చేశాడు.

అధికారి కారు దిగడం చూసి హెడ్మాస్టరు ముఖం వెలిగిపోయింది. తన ఘనత అప్పుడే పైదాకా చేరిందనీ, ఈ జనమంతా దాన్ని చూడ్డానికే వచ్చారనీ అనుకున్నాడు.

"రండి సార్. మీరూ లోపలికి రండమ్మా, అందరూ చూడండి," అంటూ అందర్నీ చార్టు ముందుకు తీసుకెళ్లాడు. దాన్ని తను మాత్రం చదవలేదు. అధికారి పైకే చదివాడు.

"ఏడో తరగతి గది ముప్పై చదరపు మీటర్లు. పిల్లలు అరవై మంది. తలకు అర చదరపు మీటరు. హెడ్మాస్టరు గది యాభై నాలుగు చదరపు మీటర్లు. మనిషి ఒక్కరు. ప్రశ్న: ఒక హెడ్మాస్టరు కూర్చునే చోటులో ఎంతమంది పిల్లలు పడతారు? జవాబు: నూట ఎనిమిది."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఈ ఆలోచన ఎవరిది?" అన్నాడు అధికారి.

అంకెలు హెడ్మాస్టరు చెవుల దగ్గరే ఆగిపోయాయి. ఆ చివరి మాట ఒక్కటే లోపలికి వెళ్లింది.

"పూర్తిగా నాదే సార్. టీచరమ్మ చార్టు రాయించిందంతే."

"బాగుంది. వెంటనే అమలు చేద్దాం."

"అన్ని బళ్లలోనూనా సార్?"

"ముందు మీ బడిలో."

సాయంత్రం గంట కొట్టేలోగా ఏడో తరగతి పిల్లలు బల్లలు మోసుకుని హెడ్మాస్టరు గదిలోకి మారిపోయారు. వాళ్లు ఖాళీ చేసిన గది, ఇన్నాళ్లూ వరండాలో చదువుకున్న ఆరో తరగతికి దక్కింది. టీచరమ్మ హెడ్మాస్టరు ఫైళ్లను జాగ్రత్తగా దుమ్ము దులిపి బయటపెట్టించి, "సర్దుకోవాలి సార్," అంది. డ్రిల్లు మాస్టరు బల్ల తియ్యలేదు. సైన్సు మాస్టరు తాళంచెవి కనబడటం లేదన్నాడు. చివరికి హెడ్మాస్టరుకు చీపుర్లూ బకెట్లూ పెట్టే గది ఒక్కటే మిగిలింది.

ఆ గది వైశాల్యం మాత్రం ఇంతవరకూ చార్టుకు ఎక్కలేదు. కొలిచేవాళ్లు లోపలికి వెళ్లాలంటే ముందు హెడ్మాస్టరు బయటికి రావాలి.