గాజు బీరువాలో ఎర్ర దన్ను

మా యార్డులో భద్రతకు ఏ లోటూ లేదని ముందే మనవి చేస్తున్నాను. దాన్ని మేము బీరువాలో పెట్టి తాళం వేశాం.

సందుల్లో దూరి మట్టి ఎత్తే చిన్న లోడర్లను అద్దెకిచ్చే సంస్థ మాది. లోడరుకు ముందు ఒక బకెట్టు, దాన్ని మోసే రెండు ఇనుప చేతులు ఉంటాయి. ఆ చేతులు పైకి లేపి, కింద దూరి మరమ్మతు చేసేటప్పుడు అవి మనిషి మీద పడకుండా బిగించమని తయారుచేసినవాళ్లు ఒక ఎర్ర ఇనుప దన్ను ఇచ్చారు. పాపం, వాళ్లకు మా మేనేజరుగారి సంగతి తెలియదు.

మొదటిసారి వాడినప్పుడే దన్ను మీద గోరంత గీత పడింది. ఆ పూట మేనేజరుగారు అన్నం ముట్టలేదు. "ప్రాణాలు కాపాడే వస్తువయ్యా ఇది! దీన్నే కాపాడుకోలేనివాళ్లం, మనుషుల్నేం కాపాడతాం?" అని అందరినీ పిలిచి కళ్లు తుడుచుకున్నారు. మేమూ తుడుచుకున్నాం. వారం తిరిగేసరికి గీత మీద రంగు పడింది, ఆఫీసు గదిలోకి గాజు బీరువా వచ్చింది. లోపల మఖమలు గుడ్డ, పైన చిన్న బల్బు. తాళంచెవి ఆయన మెడలో గొలుసుకు చేరింది. తనిఖీకి వచ్చిన అధికారి ఆ తళతళ చూసి, భద్రతా పరికరాన్ని ఇంత కొత్తగా ఉంచిన సంస్థ మరొకటి లేదని షీల్డు ఇచ్చి వెళ్లారు. దాన్నీ అందులోనే పెట్టాం.

మా మెకానిక్ మేనేజరుగారికి స్వయానా బావమరిది. అతనికి దన్ను బదులు ఒక మోటు దుంగ మంజూరైంది. ఒకరోజు మొగుడికి భోజనం క్యారేజీ తెచ్చిన అతని అక్క తన తమ్ముడు ఆ దుంగను నమ్ముకుని బండి కింద దూరి ఉండటం చూసి నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చింది.

"ఏమండీ, ఆ తాళం ఇటివ్వండి. వాడికేమన్నా అయితే మా అమ్మకు నేనేం చెప్పుకోను?"

"ఆఫీసులోకి చుట్టరికాలు తేకు. రేపు పెద్దసారు వస్తున్నారు. ఇవాళ దానికి మసి అంటితే?"

బయటినుంచి తమ్ముడే కేకేశాడు. "పోనీలే అక్కా! నిన్ననే పాలిష్ పట్టా. మళ్లీ ఎవడు తుడుస్తాడు?"

బావమరిదంటే ఇలా ఉండాలన్నట్టు మేనేజరుగారు మావైపు చూశారు. అక్క ఇంకా ఏదో అనబోతుండగా, అతను లోడరు చేతుల్ని ఎత్తిపట్టే ఆయిలు పైపు విప్పాడు. ఆయిలు చిమ్మింది. చేతులు దిగాయి. దుంగ ఫెళ్లున విరిగింది. మనిషి పక్కకు దొర్లాడు గానీ కుడికాలు బయటికి రాలేదు. ఆ అరుపు తలచుకుంటే నాకిప్పటికీ ముద్ద దిగదు.

విచారణ సంఘం ఆ సాయంత్రమే కూర్చుంది. దుంగ నాసిరకమని, కాలు అజాగ్రత్తగా ప్రవర్తించిందని తేల్చింది. తర్వాత బీరువా తెరిచి దన్నును భూతద్దంతో పరీక్షించింది. మేనేజరుగారు లేచి గద్గద స్వరంతో ప్రసంగించారు. "ఇంత ఘోరం జరిగినా మన దన్నుకు వెంట్రుకవాసి గీత పడలేదంటే, మిత్రులారా, అది మన క్రమశిక్షణ!" చప్పట్లు ఆగడానికి కాస్త సమయం పట్టింది.

మర్నాడు అందరం పరామర్శకు ఆస్పత్రికి వెళ్లాం. అక్క మంచం పక్కనే ఉంది. దుప్పటి కింద కాలు ఉండాల్సిన చోట చదునుగా ఉంది. ఆమె మొగుణ్ణి, మమ్మల్ని ఒకే చూపు చూసింది.

"గీత పడితే రంగేసుకునేవాళ్లు కదయ్యా. వీడికి కాలెవరు వేస్తారు?"

సిగ్గుతో తలలు దించుకుని బయటికొచ్చి బైకులెక్కాం. అంత బాధలోనూ హెల్మెట్లు మరిచిపోలేదు. కొత్తవి, ఎక్కడ గీత పడుతుందోనని జాగ్రత్తగా మోచేతులకు తగిలించుకున్నాం. నవ్వకండి. సిగ్నల్ దగ్గర మా పక్కన ఆగింది మీరే. మీది పెట్రోలు ట్యాంకు మీద ఉంది.