ఐదో లైను సీనియారిటీ

లేనిదాన్ని ఉన్నట్టు నడిపించడమే నాగరికత అని బందరులోని ఒక కంప్యూటర్ కళాశాల 2003లోనే కనిపెట్టి, ఆచరణలో కూడా పెట్టింది.

ఫర్జానా ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఒక ఆట. వేట పడవ సముద్రంలోకి వెళ్లి చేపలు పట్టాలి, పట్టినకొద్దీ తెర మీద స్కోరు పెరగాలి. తీరా ఆట తెరిస్తే పడవ రాలేదు సరికదా, ఎర్రక్షరాలతో నల్ పాయింటర్ ఎర్రర్ వచ్చింది. ఇంకా పుట్టని వస్తువును పేరు పెట్టి పిలిచారని కంప్యూటర్ ఫిర్యాదు. మర్నాడు పదింటికల్లా ఎగ్జామినర్ ముందు ఆట నడవకపోతే ఏడాది పోతుంది. ఫర్జానా ప్రోగ్రామును మొదటి లైను నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టింది.

నిజానికి తప్పు ఆమెకు గంటలోనే దొరికింది. స్కోరుబోర్డులో సున్నా వేయమనే లైను ఐదోది. ఆ బోర్డును తయారుచేసే లైను నలభయ్యోది. ప్రతి ప్రాజెక్టులోనూ పెద్దలు తలో లైను రాయడం అక్కడి ఆనవాయితీ కాబట్టి ఐదోది డిపార్ట్‌మెంటు హెడ్డు దైవాధీనం గారు స్వహస్తాలతో రాసింది, నలభయ్యోది ఫర్జానా రాసింది. డిపార్ట్‌మెంటు నిబంధన 7(బి) ప్రకారం ప్రోగ్రాములో లైన్లన్నీ రాసినవారి సర్వీసును బట్టి వరుసలో ఉండాలి. (కామాలకు ఇది వర్తించదు. అవి కాంట్రాక్టు మీద పనిచేస్తాయి.)

"సార్, బోర్డు తయారవకముందే మీ లైను దాన్ని పిలుస్తోందండీ. నా లైను పైన పెడితే సరిపోద్దండీ."

దైవాధీనం గారికి కోపం రాలేదు, జాలి వేసింది. "నీ లైను నా లైను పైన ఎలా కూర్చుంటదమ్మా? నాకు పదహారేళ్ల సర్వీసు."

అప్పటికప్పుడు ముగ్గురు సభ్యుల దోష నివారణ సంఘం సమావేశమైంది. టీ, సమోసాల అనంతరం ఏకగ్రీవంగా తీర్మానించింది. బోర్డు లేకపోతే గొడవ పడకుండా, కింది లైన్ల జోలికి పోకుండా అక్కడినుంచే వెనక్కి వచ్చేయమని ఐదో లైనులో ఒక ముక్క చేర్చారు. ఎర్రక్షరాలు పోయాయి. వాటితోపాటు ఆరో లైను నుంచి ఉన్నవన్నీ పోయాయి. పడవ లేదు, చేపలు లేవు, స్కోరు లేదు. తెరనిండా నీలం రంగు మాత్రం మిగిలింది. (అది నాలుగో లైను. ప్రిన్సిపాల్ గారిది.)

మర్నాడు గుడివాడ నుంచి ఎగ్జామినర్ సత్యవతమ్మ గారు వచ్చారు. కళ్లజోడు సవరించుకుని ఆ నీలాన్ని చాలాసేపు చూశారు. సముద్రం సహజంగా కుదిరిందని మెచ్చుకున్నారు.

"మరి పడవేదమ్మా?"

ఫర్జానా హెడ్డు గారి వైపు చూసింది. దైవాధీనం గారే అందుకున్నారు.

"వేటకెళ్లిందండీ."

దోషాలు లేవని రాసి, ఆవిడ ఎనభై అయిదు మార్కులు వేశారు. ఫర్జానాకు సిగ్గుతో ఏడుపొచ్చింది. సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకుని సంఘం సభ్యులు చప్పట్లు కొట్టారు.

తర్వాత వంతు తోటి విద్యార్థి కాంతారావుది. అతను 7(బి)ని పాటించలేదు కాబట్టి పడవ నిజంగానే కదిలింది, చేపలు పట్టింది, తిరిగొస్తూ కాస్త ఒడ్డుకు తగిలింది. అది దోషమని రాసి అతన్ని సప్లిమెంటరీ రాయమన్నారు.