నూటఎనభై కూడితే తొమ్మిది

సిద్దిపేట పట్టణ చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక సైకిలు డిస్కు సైజును తేల్చడానికి ముహూర్తం పెట్టి, టెంటు వేసి, బంధువులను పిలిచి సభ జరిపిన ఘనత ప్లాట్ల వ్యాపారి కర్ణాకర్ గారికి దక్కింది. పక్కింటివాణ్ని కనుక నాకు ముందు వరుసలో కుర్చీ, ఒక ప్లేటు మిర్చి బజ్జీలు దక్కాయి.

కర్ణాకర్ గారి బిడ్డ వర్షిత డిగ్రీ చదువుతూ గుట్టల్లో సైకిలు తొక్కుతుంది. రోడ్డున్న చోట ఎవరైనా తొక్కుతారు, లేని చోట తొక్కడమే ఈ ఆట గొప్పతనమట. ఆ లెక్కన మా కాలనీ వాళ్లమంతా ఎప్పటినుంచో ఆటగాళ్లమే, ఎవరూ గుర్తించలేదంతే.

మర్కూక్ పక్క గుట్టల్లో జిల్లా పోటీ పెట్టారు. మొదటి ముగ్గురిని రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. పోయిన ఏడాది దిగుడులో బ్రేకు డిస్కు వంకరపోయి వర్షిత నాలుగో స్థానంలో ఆగిపోయింది. ఆ రాత్రి ఆ పిల్ల అన్నం ముట్టలేదని వాళ్లమ్మ సుచిత్ర మా ఇంట్లో చెప్పుకుని బాధపడింది. అందుకని ఈసారి పాత డిస్కులు తీసేసి కొత్తవి వేయించాలి.

డిస్కంటే చక్రం నడుమ తిరిగే పల్చని ఇనుప రేకు. బ్రేకు నొక్కితే రెండు దిమ్మెలు దాన్ని అటూ ఇటూ పట్టి ఆపుతాయి. అడ్డం కొలతను బట్టి నూటనలభై, నూటఅరవై, నూటఎనభై, రెండువందల మూడు మిల్లీమీటర్లని రకాలున్నాయి. వర్షిత సభలో లేచి తన మాట తాను చెప్పింది.

"నా బరువుకు ముందల ఎనుక నూటఅరవై సాలు బాపు. పెద్దది పెడితే గుట్ట ఎక్కేటప్పుడు ఉట్టి బరువే. దిగేటప్పుడు జర నొక్కంగనే చక్రం కట్టేసినట్టు ఆగిపోతది, పడతం. ఎక్కువ బరువున్నోళ్లకు, పొడుగు దిగుళ్లకు పెద్దది గావాలె. నాకెందుకు?"

సభ శ్రద్ధగా విన్నది. తొక్కే మనిషి తన అభిప్రాయం చెప్పేసింది కనుక, మన కుటుంబాల ఆచారం ప్రకారం, ఇక మిగతావాళ్లు నిర్ణయం మొదలుపెట్టవచ్చని కర్ణాకర్ గారు ప్రకటించారు.

ముఖ్య అతిథి అంకెల నరహరి గారు. వారి సేవలు పట్టణానికి కొత్త కాదు. వారు చెప్పబట్టే మా బజారులో ప్రతి దుకాణం బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు అవసరానికి మించి రెండేసి ఉంటాయి. వారు చెప్పబట్టే ఒక పెద్దమనిషి తన ఇంటి మెట్లలో ఒకటి తీయించేశాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ముసలీ ముతకా అందరూ చివర్లో దూకుతారు. ఆ ఇంటి అమ్మాయి లాంగ్‌జంప్‌లో పతకం తెచ్చింది కూడా. నరహరి గారు దాన్ని తన ఖాతాలోనే వేసుకున్నారు, న్యాయం కూడా అదే.

నరహరి గారు కళ్లు మూసి అంకెలు కూడారు. మా ఊరి బడిలో సారు బెత్తం పట్టి కూడికలు నేర్పుతుంటే ఇవి దేనికి పనికొస్తాయా అని ఏడ్చేవాళ్లం. ఇదిగో, దీనికి.

"నూటఅరవై. ఒకటి, ఆరు. ఏడు. ఏడంటే కేతువు. కేతువును చక్రానికి కట్టుకొని గుట్ట దిగుతవా బిడ్డా?" అన్నారు. "రెండువందల మూడు. అయిదు. అది దుకాణదార్లకు. నూటఎనభై చూడు. ఒకటి, ఎనిమిది. తొమ్మిది! మీ బాపు కారు నంబరు కూడితే తొమ్మిది, ఫోను నంబరు కూడితే తొమ్మిది. ఇంటి ఆనవాయితీ తప్పుతదా?"

టెంటు కింద చప్పట్లు మోగాయి.

"పోనీ ముందల నూటఎనభై పెట్టున్రి, తొక్కుకుంట. ఎనుకకు నూటఅరవై ఉండనియ్యున్రి" అని వర్షిత రాజీకి వచ్చింది.

అప్పుడు ఆమె తాత సిద్ధయ్య గారు చేతికర్రతో నేల తట్టారు. ఆయన భూమి పంపకం చేసి ఏళ్లు గడిచినా ఇద్దరు కొడుకుల్లో ఎవరికి గెట్టు పక్క ముక్క ఎక్కువ పోయిందనే మాట ఇంకా నడుస్తూనే ఉంది.

"ముందలిదానికి పెద్దది, ఎనుకదానికి చిన్నదా? ఎందుకట్ల? ఎనుకది గూడ గంతే దూరం తిరుగుతది గద. ఒక్క సైకిలుకు పుట్టిన చక్రాలకు గూడ చెరిసగం ఇయ్యకపోతే ఇగ మనుషులకేం ఇస్తరు? నేను బతికుండంగ ఈ ఇంట్ల మల్ల పక్షపాతం జరగనియ్య."

నరహరి గారు వెంటనే రెండూ కూడారు. నూటఎనభై, నూటఎనభై. మూడువందల అరవై. మూడూ ఆరూ తొమ్మిది! న్యాయం, శాస్త్రం ఒకే చోట కలిసిన అపూర్వ సందర్భమది. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు.

వర్షిత కంపెనీ పుస్తకం తెరిచి చూపించింది. "ఈ సైకిలుకు ఎనుక నూటఅరవై దాటొద్దని కంపెనోళ్లే రాసిన్రు బాపు."

"మన ప్లాట్లల్ల గూడ రెండంతస్తులు దాటొద్దనే రాసిన్రు బిడ్డా" అని కర్ణాకర్ గారు ప్రేమగా నచ్చజెప్పారు. "అయిదు కట్టలేదా? నిలవడ్డయా లేదా?"

"జర తొక్కే పిల్లనడుగున్రి" అని లోపలినుంచి సుచిత్ర గొంతు వినిపించింది. అడిగామని, చెప్పిందని, అది అయిపోయిందని సభ ఆమెకు గుర్తుచేసింది.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. "పెద్దనాయినా, నువ్వన్న చెప్పరాదే."

నా నోట్లో బజ్జీ ఉంది. నిండిన నోటితో తీర్పు చెప్పడం సభా మర్యాద కాదు.

కావున నూటఎనభై ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. వెనుక చక్రానికి డిస్కు పట్టకపోతే కిటికీ గ్రిల్సు చేసే షాపులో ఒక ఇనుప ముక్క కోయించి, బ్రేకును పైకి లేపి బిగించారు. డిస్కులకు పసుపు కుంకుమ పెట్టారు. పసుపు అంటితే బ్రేకు పట్టదని వర్షిత ఏడుపు గొంతుతో చెబితే, "పసుపు పనిచేయని జాగ ఉంటదా?" అని అందరూ ముచ్చటగా నవ్వారు. ఆ పిల్ల రాత్రికి రాత్రి కూర్చుని పసుపంతా తుడిచేసింది.

పోటీకి ముందురోజు మర్కూక్‌లో ప్రారంభోత్సవం. ప్రధాన దాత కనుక కర్ణాకర్ గారే బిడ్డ సైకిలు మీద మొదటి దిగుడు దిగి ప్రారంభించాలని తీర్మానం. మెడలో గజమాల ఉన్నది. మనిషి బరువు సిమెంటు బస్తాల్లో చెప్పాలంటే రెండు, మాల కాకుండా. సైకిలెక్కేముందు మైకు అందుకున్నారు.

"మన జిల్లా ఆగదు! మన యువత ఆగదు! మనల్ని ఆపెటోడు ఇంక పుట్టలేదు!"

ఆపేది పుట్టింది. నూటఎనభై మిల్లీమీటర్ల అడ్డంతో పుట్టింది. ఒక్క వేలితో తాకించవలసిన బ్రేకును ఆయన దున్నపోతు పగ్గం లాగినట్టు పది వేళ్లతో లాగారు. సైకిలు ఉన్నచోటే ఆగింది. కర్ణాకర్ గారు మాత్రం, ఉపన్యాసంలో చెప్పినట్టే, ఆగలేదు.

చూసినవాళ్లు చెప్పేదేమంటే, ఆయన గాలిలో ఉన్నప్పుడు కిందినుంచి ఫొటోగ్రాఫరు "సార్, గిటు చూడున్రి" అన్నాడట. ఆయన చూసి, నవ్వి, చెయ్యి ఊపి, ఆ తర్వాతే పత్తిచేలోకి దిగారట. ఫొటో నేను చూశాను. ఫ్లెక్సీకి బాగా పనికొస్తుంది. వెనకాలే సైకిలు పల్టీకొట్టి వచ్చి ఆయన మీద పడటం వల్ల సైకిలుకు ఏ దెబ్బా తగల్లేదు.

దవాఖానలో డాక్టరమ్మ ఫిల్ము చూసి, డిస్కు జారిందన్నది.

సిద్ధయ్య గారు మండిపడ్డారు. "నేను మొదటే చెప్పిన, బోల్టులు గట్టిగ బిగించున్రని!"

జారింది నడుములో డిస్కని, నాలుగో పూసకు అయిదో పూసకు మధ్యదని డాక్టరమ్మ ఓపికగా వివరించింది. మంచం మీద మూలుగుతున్న కర్ణాకర్ గారు ఒక్కసారిగా మూలుగు ఆపారు. పెదవులు కదిలాయి. నాలుగు, అయిదు.

"తొమ్మిది" అన్నారు. ముఖంలో వెలుగు వచ్చింది. పక్క మంచం మీదాయనకు మూడో పూస, నాలుగో పూస మధ్య జారిందని తెలిసి జాలిపడ్డారు.

అందరూ దవాఖానలో ఉండగా ఇంట్లో తల్లీ కూతుళ్లు ఒక పని చేశారు. సుచిత్ర ముందే తెప్పించి బియ్యం డబ్బాలో దాచిన కొత్త నూటఅరవై డిస్కులు తీసింది. వర్షిత ఇనుప ముక్క పీకేసి, వాటిని బిగించుకుని, తెల్లారి పోటీకి పోయింది. గుట్ట ఎక్కింది, దిగింది, కావలసిన చోట ఆగింది, అక్కర్లేని చోట ఆగలేదు. రెండో స్థానంలో వచ్చింది. రాష్ట్ర జట్టులో పేరు వచ్చింది.

పతకంతో తండ్రి మంచం దగ్గరికి వచ్చేసరికి నరహరి గారు అప్పటికే సన్మానానికి సిద్ధంగా కూర్చున్నారు.

"చూసినవా తొమ్మిది మహిమ!" అన్నారు.

"నేను తొక్కింది నూటఅరవై మీద" అన్నది వర్షిత. "ముందల గదే, ఎనుక గదే. ఏడు. మీరు జెప్పిన కేతువు."

తండ్రి ముఖం వాడింది. ఆ పిల్ల నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. మొదటిసారిగా మన పట్టణంలో ఒక కూడిక తప్పు తేలబోతోందని నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

నరహరి గారు కళ్లు మూశారు. తెరిచారు.

"డిస్కు ఏడు. నీకొచ్చిన స్థానం ఎంత బిడ్డా?"

"రెండు."

"ఏడు, రెండు?"

గదిలో ఉన్నవాళ్లంతా, నర్సమ్మతో సహా, ఒకే గొంతుతో అన్నారు. "తొమ్మిది!"

శాలువా నరహరి గారికే కప్పారు. వర్షిత పతకాన్ని సంచిలో వేసుకుని, సైకిలు కడుక్కోవడానికి ఇంటికి పోయింది.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ ఇందాకటినుంచి మీ వేళ్లు ఊరికే ఉండటం లేదు, బండి నంబరో ఫోను నంబరో మనసులో కూడుతూనే ఉన్నారు. పక్కింటివాణ్ని, నాకైనా చెప్పండి. ఎంతొచ్చింది?