సర్చికి వస్తన్నారు

ఆ శనివారం పొద్దున్న జ్ఞానానందం పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ తాగి, చర్చి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టాలి, అంతే. ఆ ఒక్క ముక్క కోసం ఆయన వారం రోజులుగా ధైర్యం కూడదీసుకుంటున్నాడు.

ఆయన ఆమదాలవలసలో రైల్వే గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. అక్కడి బాప్టిస్టు సంఘంలో పెద్ద. చర్చి తాళాలు ఎప్పుడూ ఆయన మొలకే వేలాడుతుంటాయి. ఆ గుత్తి లేకపోతే తనకు నిద్ర పట్టదని ఆయన అంటాడు. ఆ గుత్తి గలగలలకు తనకు నిద్ర పట్టడం లేదని భార్య ఏసమ్మ అంటుంది. తాళాలకు వచ్చిన లోటేమీ లేదు, వచ్చిందల్లా లోపలి సామానుకే. పెళ్ళికని కుర్చీలు, విందుకని గుండిగలు, సంతాప కూటానికని జంబుఖానాలు ఒక్కొక్కటే గడప దాటాయి. అడిగినవాళ్ళకు లేదనడం ఆయనకు చేతకాదు. ఇచ్చింది తిరిగి అడగడం అసలే చేతకాదు. "మొగమాటానికి పోతే కడుపయినాదట" అని ఏసమ్మ ఏళ్ళుగా దెప్పుతూనే ఉంది.

ఇప్పుడు పీకల మీదికి వచ్చింది. ఆదివారం స్టాన్లీ గారు వస్తున్నారు. ఆయన ఒకప్పుడు ఈ చర్చిలోనే పాస్టరు. ఇప్పుడు విజయనగరంలో ఉంటూ చుట్టుపక్కల చర్చిల సామాను, స్థలాలు చూసే పెద్దమనిషి. సామాను తగ్గితే తాళాలు ఇమ్మానుయేలు చేతికి పోతాయని ముందే కబురు పంపాడు. ఇమ్మానుయేలు సంఘంలో రెండో పెద్ద. తాళాల కోసం కొత్త రింగు కూడా కొనిపెట్టుకున్నాడని వినికిడి. ఆ మాట విన్నప్పటి నుంచి జ్ఞానానందానికి అన్నం సహించడం లేదు.

చీపురుపల్లిలో బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు గ్లోరీ ఈమధ్యనే ఆయనకు కొత్త ఫోను కొనిచ్చింది. అక్షరాలు నొక్కే బాధ లేదు, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే తెలుగులో రాసుకుంటుందని చూపించి వెళ్ళింది. ఆ ఫోనుకు తెలుగు నేర్పినవాళ్ళు ఎవరో గానీ, శ్రీకాకుళం మీదుగా రైల్లో కూడా వెళ్ళి ఉండరు. వెళ్ళి ఉంటే, చ అనే అక్షరం ఇక్కడ పుస్తకాల్లోనే ఉంటుందనీ నోళ్ళలో ఉండదనీ కిటికీలోంచే తెలిసిపోయేది.

జ్ఞానానందం గొంతు సవరించుకుని ఫోనుకు చెప్పాడు. "అందరికీ వందనాలు. రేపు పొద్దున్న స్టాన్లీ గారు సర్చికి వస్తన్నారు. ఆ తరవాత ఇంటింటికీ వస్తారు. అందరూ ఇళ్ళకాడే ఉండండి." కుర్చీలూ గుండిగలూ తెచ్చి ఇవ్వండన్న అసలు మాట గొంతు దాకా వచ్చి, సిగ్గుపడి, వెనక్కి వెళ్ళిపోయింది. ఆయన బాణం గుర్తు నొక్కేశాడు.

ఫోను మాత్రం "స్టాన్లీ గారు సెర్చ్‌కి వస్తున్నారు, ఆ తర్వాత ఇంటింటికీ వస్తారు" అని రాసుకుంది. కళ్ళజోడు లోపల ఉండిపోవడం వల్ల ఆయన అది చదవలేదు. సంఘమంతా చదివింది.

ముందుగా దానమ్మ వచ్చింది. నెత్తిన మంచమంత మూట. చర్చిలో ప్రార్థన చేసుకోవాలి, తాళాలు కావాలంది. ప్రార్థనకు మూటెందుకని ఆయన అడిగాడు.

"బారంగా ఉన్నాది బావా. అక్కడ దించీసుకుంటాను" అంది దానమ్మ, ఆయన మొహం చూడకుండా.

జ్ఞానానందం కళ్ళు చెమర్చాయి. తాళాలు తీసి ఇచ్చాడు. ఆమె వెనకాలే ఇంకొకరు, వాళ్ళ వెనకాల మరొకరు. అందరూ తలలు వంచుకుని నడుస్తున్నారు, అందరికీ ఏదో ఒక బరువుంది. ఊళ్ళో భక్తి మళ్ళీ రగిలి ఉజ్జీవం వచ్చిందని, అదీ తన పెద్దరికంలో వచ్చిందని, ఆయన పొంగిపోయాడు. ఉజ్జీవానికి స్టూళ్ళెందుకని ఏసమ్మ అడిగింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకని ఆయన సర్దిచెప్పాడు. పశ్చాత్తాపపడేవాళ్ళను తొంగిచూడకూడదని చర్చి వైపు వెళ్ళనే లేదు.

చేపల అప్పలసూరి కూడా వచ్చాడు. అతనిది చర్చి కాదు గానీ, ప్రేమవిందులకు చేపలు పోస్తాడని గ్రూపులో చేర్చుకున్నారు. చర్చి పెద్ద గుండిగ రెండేళ్ళుగా అతని ఇంట్లో పండుగప్ప చేపలతో కాపురం చేస్తోంది.

"మావా, ఎంత తోమినా వాసన పోలేదు. ఆయన వాసన కూడా సూస్తాడేటి?" అని రహస్యంగా అడిగాడు.

రేపటి భోజనానికి చేపల సంగతి అడుగుతున్నాడనుకున్నాడు జ్ఞానానందం. "స్టాన్లీ గారు ముందు వాసనే సూస్తారు. తేడా వచ్చినాదంటే ముట్టుకోరు సరికదా, సంగమంతటికీ సెప్పీస్తారు" అన్నాడు. అప్పలసూరి మొహం పాలిపోయింది. చింతపండు కొనడానికి పరుగెత్తాడు.

మధ్యాహ్నం గ్లోరీ ఫోను చేసింది.

"నాన్నా, గ్రూపులో ఏటి పెట్టేవు? సెర్చంటే సోదా. మనోళ్ళ ఇళ్ళు సోదా సేయిస్తావా?"

ఆయన కళ్ళజోడు వెతికి పెట్టుకుని చూశాడు. తను పంపింది అదా! నెత్తిన మూటలు, వంచిన తలలు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. సంఘం మొత్తాన్ని దొంగలన్నట్టయింది. ఇక తాళాలు ఇమ్మానుయేలుకే కాదు, ఎవరికైనా పోతాయి గానీ తనకు మాత్రం మిగలవు. గ్లోరీ ఇంకా ఏదో చెబుతుండగానే పెట్టేసి, మైకు నొక్కి, దిద్దబోయాడు. "అది సెర్చ్ కాదు, సర్చి" అన్నాడు. ఫోను "అది సెర్చ్ కాదు, సెర్చ్" అని రాసి పంపింది. ఈసారి కళ్ళజోడు ఉంది, చదివాడు. అర్థం కానివాళ్ళకు అరిచి చెప్పడం ఫోన్లు పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటే కదా, ఆయన కూడా అరిచాడు. మూడుసార్లు అరిచాడు. అదే మాట మూడుసార్లు వెళ్ళింది.

దాంతో ఇది మామూలు సోదా కాదని, అంతకు మించినదని అందరికీ రూఢి అయిపోయింది. అప్పటిదాకా చర్చి సామానే కదిలింది. సాయంత్రానికి టెంటు హౌసు కుర్చీలు, బడి నల్లబల్ల, ఎవరిదో కల్యాణమండపం తివాచీ, ఇమ్మానుయేలు ఇంటి నుంచి రెండు పంకాలు కూడా చర్చి దారి పట్టాయి. పంకాలు దించి వచ్చిన ఇమ్మానుయేలు ఆ మెసేజీలను స్టాన్లీ గారికి పంపించాడు. జ్ఞానానందం పరువు పోవాలంటే ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని అతని లెక్క.

ఆదివారం పొద్దున్న జ్ఞానానందం చర్చికి దోషిలా నడిచాడు. ఏసమ్మ పక్కనే ఉంది, దెప్పడం లేదు. దానికే ఆయనకు ఎక్కువ భయమేసింది. తలుపు తోస్తే తెరుచుకోలేదు. లోపల నుంచి కుర్చీలు అడ్డం పడ్డాయి. నలుగురూ కలిసి తోస్తే సందు ఏర్పడింది. దూలాల దాకా కుర్చీలు. ప్రసంగ వేదిక మీద, చింతపండు వాసనా చేపల వాసనా కలిసి కొడుతూ, తళతళలాడే గుండిగ. ఇన్నేళ్ళలో ఆయన చర్చిని అంత నిండుగా చూడలేదు.

అప్పుడే స్టాన్లీ గారి కారు ఆగింది. అందరూ గోడకు అతుక్కున్నారు. ఇమ్మానుయేలు ఎదురెళ్ళి వందనాలు చెప్పాడు. స్టాన్లీ గారు అతన్ని చూడలేదు, కుర్చీలు చూడలేదు. డిక్కీ తెరిచి, తువ్వాల్లో చుట్టిన వస్తువొకటి రెండు చేతులతో తెచ్చి జ్ఞానానందం ముందు నిలబడ్డాడు. విప్పితే గోడ గడియారం. చర్చికి అలాంటిదొకటి ఉండేదన్న సంగతే అందరూ మరిచిపోయారు.

"ఇక్కడ పాస్టరుగా ఉన్నప్పుడు రిపేరుకని పట్టుకెళ్ళేను జ్ఞానానందం గారూ. అలాగ ఉండిపోనాది" అన్నాడు మెల్లగా. "నా పేరుతోనే సెర్చని పెట్టేరు. మొదటిది సూసి, నన్ను కాదులే అనుకున్నాను. రెండోది సూసేక నిద్ర పట్టలేదు."

జ్ఞానానందం నిజం చెప్పబోయాడు. ఏసమ్మ ఆయన కాలు తొక్కింది.

ఎంత పెద్దవాణ్ణయినా మొహమాటం లేకుండా అడిగే మనిషి చేతిలోనే తాళాలు ఉండాలని స్టాన్లీ గారు అందరి ముందూ ప్రకటించాడు. ఆ మాటకు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవాడు ఇమ్మానుయేలు. జ్ఞానానందం స్టూలెక్కి గడియారాన్ని పాత మేకుకే తగిలించి, ఆనందం పట్టలేక కాసేపు దాన్నే పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజు ఆరాధన ఎంతసేపు జరిగిందో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే రిపేరు నుంచి వచ్చిన గడియారం నడవడం లేదు.