నున్నబండ మీద గురువుగారు

ఆ శనివారం పొద్దున లిండన్ పైబస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాష్ట్ర సైకిల్ పోటీలకు దారి ఎంపిక చేసే ఓరియల్ టాస్కర్ అనే ఆవిడను కొండ మీద మొదటి గట్టు దాకా తీసుకెళ్లాలి. అక్కడ నిలబడి లోయను చూపిస్తూ తెగ మాట్లాడాలి. ఆ తర్వాత, మొన్నటి గాలికి ముందు దారికి అడ్డంగా చెట్టు పడిందని విచారంగా చెప్పి, కలప లారీలు తిరిగే వెడల్పాటి బాటలో క్షేమంగా కిందికి దించేయాలి. రెండో కాఫీ వేళకు ఇంట్లో ఉండొచ్చు.

లిండన్ మెల్‌బోర్న్‌లో స్నానాల గదులకు టైల్స్ అమ్మి, యాభై దాటాక భార్య ఇసోబెల్‌తో టాస్మానియా దీవికి వచ్చి పెన్‌గార్త్‌లో ఇల్లు కొన్నవాడు. తగరం గని మూతపడ్డాక ఆ ఊరు కొండ సైకిళ్లవాళ్ల మీదే బతుకుతోంది. అలాంటి ఊళ్లో పరువుగా బతకాలంటే సైకిల్ తొక్కాలి. లిండన్ అంతకంటే తేలికైన మార్గం కనిపెట్టాడు: సైకిల్ గురించి మాట్లాడటం. ఏ టైరులో ఎంత గాలి ఉండాలో, ఏ మలుపులో మోకాలు ఎటు వంగాలో పబ్బులో కూర్చుని అందరికీ చెప్పేవాడు. తాను మాత్రం ఏనాడూ మొదటి గట్టు దాటలేదు. వెనక్కి వచ్చేటప్పుడు వాగు దగ్గర ఆగి, చేత్తో బురద తీసి బట్టలకు పూసుకునేవాడు.

"నీ మీద బురదెప్పుడూ ముందువైపే పడుతుందేం? చక్రం చిమ్మితే వీపు మీద కదా పడాల్సింది?" అని ఇసోబెల్ ఒకసారి బట్టలు ఉతుకుతూ అడిగింది. అప్పట్నుంచి లిండన్ వీపుకు కూడా పూసుకోవటం మొదలుపెట్టాడు. పోటీల అధికారులతో మాట్లాడటమంటే ఊరి సైకిల్ క్లబ్బులో అందరికీ బద్ధకం కాబట్టి, ఆ పని నోరున్న లిండన్‌కు అప్పగించారు.

కార్లు ఆపే చోట ఒకావిడ నిలబడి ఉంది. అరవై ఉంటాయి. మొహమంతా మూసేసే హెల్మెట్, మోచేతులకూ మోకాళ్లకూ కవచాలు, పక్కన తళతళలాడే సైకిల్. ఇంత అలంకారం పెద్ద అధికారులకే ఉంటుందని లిండన్ తేల్చేసుకున్నాడు.

"నన్ను కొండెక్కించేది మీరేనాండీ?" అని అడిగిందావిడ.

"నేనేనండీ. నాకంటే బాగా ఎక్కించేవాళ్లు ఈ ఊళ్లో లేరు."

"హమ్మయ్య! ముందే చెప్తున్నా, నేను నోరెత్తను. మీరేం చేస్తే అది జాగ్రత్తగా చూస్తా, అదే చేస్తా. తప్పులన్నీ చివర్లో మాట్లాడుకుందాం."

లిండన్ హెల్మెట్ పట్టీ మళ్లీ బిగించుకున్నాడు. పరిశీలన అప్పుడే మొదలైందన్నమాట!

ఆవిడ ఓరియల్ టాస్కర్ కాదు. లాన్సెస్టన్ పట్నంలో పియానో నేర్పే గ్వెనిత్ బర్. ఊళ్లో పాఠాలు చెప్పే ఇళ్లకు రోజూ మామూలు సైకిల్ మీద తిరుగుతుందే తప్ప, కొండ దారి మొహం చూడటం అదే మొదలు. చెల్లెలు పుట్టినరోజు కానుకగా ఒక పాఠానికి డబ్బు కట్టి పంపింది. ఆ పాఠం చెప్పాల్సిన టాంసిన్ అనే అమ్మాయి అదే సమయానికి కొంచెం దిగువన గడ్డి మైదానంలో ఎదురుచూస్తోంది. నేర్చుకునేవాళ్లు ప్రశ్నలు వేయకూడదనీ, గురువు వేలు ఎటు కదిలితే తమ వేలూ అటే కదలాలనీ గ్వెనిత్ గట్టి నమ్మకం. పిల్లల్ని ఆ నమ్మకంతోనే ఇన్నేళ్లూ ఏడిపించింది. ఇప్పుడు తన వంతు వచ్చింది.

మొదటి మెలికలోనే లిండన్ తడి వేరు చూసి కంగారుపడి బ్రేకు నొక్కాడు. సైకిల్ ఆగింది, అతడు ఆగలేదు. పక్కనున్న ఫెర్న్ పొదలో వెల్లకిలా పడ్డాడు. తల పైకెత్తి చూస్తే ఆవిడ కళ్లార్పకుండా చూస్తోంది.

"ఇక్కడ... ఇక్కడిలా పడాలండీ," అన్నాడు. "నేల మెత్తగా ఉందో లేదో తెలుస్తుంది."

"అలాగా," అని గ్వెనిత్ అదే వేరు దాకా వచ్చి, బ్రేకు నొక్కి, అదే పొదలో శ్రద్ధగా పడింది. "నేను కుడి భుజం మీద పడ్డానండీ. ఎడమదా?"

ఇంతగా వెక్కిరించే అధికారిని లిండన్ ఎక్కడా చూడలేదు. మెడ మీదికి పాకిన జలగను పీకి పారేస్తూ, పళ్లు బిగించి, "ఏదైనా ఫరవాలేదు," అన్నాడు.

గట్టు మీదికి చేరాక అతడికి ప్రాణం లేచొచ్చింది. లోయ గురించి, గని గురించి, గాలి దిశ గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. చివరికి మొహం వేలాడేసుకుని, "ఏం చేస్తాం, ముందు చెట్టు పడిందండీ," అన్నాడు.

"చెట్టా? పొద్దున్నే కోసి పారేశాగా!" అంటూ పొదల్లోంచి క్లబ్బు కార్యదర్శి చెస్టర్ బయటికొచ్చాడు. భుజాన రంపం మిషను, జుట్టు నిండా రంపపు పొట్టు. "నీ కోసమేనయ్యా లిండన్, చీకటితో లేచి వచ్చా. మనవాళ్లంతా నున్నబండ కింద సాసేజీలు కాలుస్తున్నారు. నువ్వు దిగుతుంటే చూడాలట! ఇన్నాళ్లూ చెప్పటమే గానీ చూపించలేదుగా!"

"ఈవిడ అలిసిపోయినట్టున్నారు, చెస్టర్..."

"నేనా? లేదే!" అంది గ్వెనిత్. "అయినా సగం నుంచి వెనక్కెళ్తే నన్ను పంపించినవాళ్లకి ఏం చెప్పను?"

పంపించినవాళ్లు! లిండన్‌కు రాష్ట్ర సైకిల్ సంఘం మొత్తం కళ్లముందు కనిపించింది.

నున్నబండ అంటే అడవి మధ్యలో తిమింగిలం వీపులా పడుకున్న నల్లరాయి. మంచుకు తడిసి నిగనిగలాడుతోంది. కింద క్లబ్బు జనం, పొగలు కక్కే పెనం, రొట్టెముక్కలు, వేయించిన ఉల్లిపాయల పళ్లెం. ఇసోబెల్ కూడా ఉంది. లిండన్ బండ అంచు నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు.

"మీరు ముందు కానివ్వండి," అన్నాడు. "నేను వెనకనుంచి చూస్తా."

"ఎలా దిగమంటారు?"

ఇది నోటి పరీక్ష అనుకున్నాడతడు. పబ్బులో వల్లించిందంతా గడగడా అప్పజెప్పాడు. "బరువు వెనక్కి. చూపు దూరంగా, చక్రం దగ్గర కాదు. బ్రేకు మీద ఒక్క వేలు, మెల్లగా. మధ్యలో మనసు మార్చుకోకూడదు."

గ్వెనిత్ తల ఊపింది. బరువు వెనక్కి వేసింది, చూపు దూరంగా నిలిపింది, ఒక్క వేలు బ్రేకు మీద పెట్టింది. అది భయపడాల్సిన చోటని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెద్దమనిషి మెట్లు దిగినంత నిబ్బరంగా బండ దిగి పెనం ముందు ఆగింది. జనం చప్పట్లు కొట్టి, తలలన్నీ పైకెత్తారు.

లిండన్ సైకిల్ దిగి పక్కన నడిపించుకుంటూ రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు బూటు జారింది, చేయి వదిలింది. సైకిల్ ఎవరి సాయమూ లేకుండా నిటారుగా, అందంగా బండ దిగి సాసేజీల బల్లను గుద్దింది. దాని వెనక లిండన్ చతికిలబడి, బండ మీది బురదంతా తుడుచుకుంటూ జారి వచ్చి ఉల్లిపాయల్లో ఆగాడు.



"అయ్యయ్యో!" అంది గ్వెనిత్ కంగారుగా. "నేను కూడా అలా దిగాల్సిందాండీ?"

ఇసోబెల్ మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె భుజాలు కదలటం మాత్రం అందరూ చూశారు.

సరిగ్గా అప్పుడే లారీల బాట వైపు నుంచి టాంసిన్ రొప్పుతూ వచ్చింది. వెంట పొడుగాటి నెరిసిన జుట్టావిడ. "చెస్టర్ గారూ, పొరపాటైపోయింది! ఈవిడే ఓరియల్ టాస్కర్ గారట. నా దగ్గర నేర్చుకోవటానికొచ్చారనుకుని పొద్దుట్నుంచీ గడ్డిలో బ్రేకు పట్టుకోవటం నేర్పుతున్నా."

"బాగానే నేర్పింది. ఈ ఊరి మర్యాద ఇదేమోనని ఊరుకున్నా," అంది ఓరియల్. ఆమె చూపు గ్వెనిత్ మీద ఆగింది. "ఇందాక చెట్ల సందులోంచి చూశా. చాలా బాగా దిగారు. ఎన్నాళ్లుగా తొక్కుతున్నారు?"

"ఇవాళే మొదలుపెట్టానండీ."

ఓరియల్ బండను ఒకసారి కిందినుంచి పైకి చూసింది. "రాష్ట్రంలోకెల్లా భయంకరమైన బండ అని చెప్పారే? మొదటిరోజే తొక్కుతున్నవాళ్లు దిగేస్తే, పోటీకొచ్చే కుర్రాళ్లు దీన్ని ఆవులిస్తూ దిగుతారు."

"ఏదో అదృష్టం కొద్దీ దిగిందండీ!" అన్నాడు చెస్టర్ గబగబా.

గ్వెనిత్‌కు ఆ మాట గుచ్చుకుంది. "అదృష్టమేమిటి? మా గురువుగారు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఆయన్ని తక్కువ చేస్తే ఒప్పుకోను." ఎవరు వద్దన్నా వినకుండా సైకిల్‌ను పక్కదారిన పైకి తోసుకెళ్లి, మళ్లీ దిగి చూపించింది. ఈసారి మొదటిసారికంటే బాగా దిగింది.

పోటీలు పక్క లోయకు వెళ్లిపోయాయి. ఓరియల్ ఆ మాట అక్కడికక్కడే చెప్పి, కొత్తవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచి కొండ లేదని మెచ్చుకుని, ఒక సాసేజీ తిని వెళ్లింది. పోటీల నమ్మకంతో అద్దెకిచ్చేందుకు కొత్త గదులు కట్టించిన చెస్టర్ రంపాన్ని ఒళ్లో పెట్టుకుని లిండన్ వైపు చాలాసేపు చూశాడు. మిగతావాళ్లు చూడనుకూడా లేదు. ఇసోబెల్ రొట్టెముక్క తెచ్చి మొగుడి చేతికిచ్చి, "నిలబడే తినులే," అంది. "ఈసారి బురద సరైన చోటే అంటింది."

లిండన్ రొట్టె కొరకలేకపోయాడు. అతడి చెంత గ్వెనిత్ ఒక్కతే మిగిలింది. హెల్మెట్ తీసి చంకన పెట్టుకుని, కళ్లు మెరిసిపోతుండగా అడిగింది.

"గురువుగారూ, ఈ దారి ఇక్కణ్ణుంచి ఎటు పోతుందండీ?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేక లిండన్ తల దించుకున్నాడు. "నాకు తెలీదండీ. ఇంతదూరం నేనెప్పుడూ రాలేదు. నాకసలు తొక్కటమే సరిగా రాదు."

గ్వెనిత్ గలగలా నవ్వి, నిజమైన విద్వాంసులంతా ఇలాగే మాట్లాడతారంది. పొద్దుట్నుంచీ లిండన్ అబద్ధాలన్నిటినీ నమ్మిన ఒకే ఒక్క మనిషి, అతడు చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని మాత్రం నమ్మలేదు.